లెక్క ఢిల్లీలో, గొడవ విజయనగరంలో

2015 శ్రీరామనవమి దగ్గరపడేసరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఓ చిక్కు వచ్చిపడింది. ఏటా ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళ్లే భద్రాచలం అప్పటికి పొరుగు రాష్ట్రమైపోయింది. మరి ఆ లాంఛనం సొంత గడ్డ మీద ఎక్కడ జరపాలి? రెండు పేర్లు వినబడ్డాయి. ఒకటి కడప జిల్లా ఒంటిమిట్ట, రెండోది విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం. ప్రభుత్వం ఒంటిమిట్ట వైపు మొగ్గింది, రామతీర్థం ఆశ తీరలేదు. అసలు భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోదే. ఒకే రాష్ట్రం కదా, ఏ జిల్లాలో ఉంటే ఏముందిలే అని అప్పట్లో ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు కోసం ఏడు మండలాలను మళ్లీ ఇటు తెచ్చినప్పుడు భద్రాచలం పట్టణం మాత్రం అటే ఉండిపోయింది. ఇవాళ గుడి తెలంగాణలో ఉంది, గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉంది. ఇంటికీ పెరటికీ మధ్య నుంచి రాష్ట్ర సరిహద్దు పోయినట్టయింది. పెద్ద విభజన జరిగేటప్పుడు ఇలాంటి చిన్న సంగతులు ముందే కూర్చుని తేల్చుకుంటే తేలతాయి, లేకపోతే ఇలా మిగిలిపోతాయి. ముందే కూర్చోవాలంటే మాత్రం, జరగబోయేది జరుగుతుందని ముందు ఒప్పుకోవాలి. 2013లో మనవైపు జరగనిది అదే.

ఆ ఏడాది జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు సరేనంది. అక్కడి నుంచి 2014 ఫిబ్రవరి 20 రాత్రి రాజ్యసభలో బిల్లు గట్టెక్కేదాకా, దాదాపు ఏడు నెలలు, సీమాంధ్ర పదమూడు జిల్లాల్లో ఒకటే ప్రశ్న నలిగింది: ఇది ఆగుతుందా, ఆగదా? టీ కొట్టు దగ్గర నుంచి టీవీ చర్చల దాకా ఎక్కువమంది చెప్పిన జవాబు ఆగుతుందనే. శాసనసభలో సంఖ్య మనది, ముఖ్యమంత్రి మనవాడు, ఉద్యోగులు మన పక్షం, పార్లమెంటు నడవనే నడవదు, ఎన్నికలు నెత్తిమీదున్నాయి, ఇక బిల్లు ఎలా దాటుతుందన్నారు. ఇందులో ఏ మాటా అబద్ధం కాదు. అన్నీ నిజమే అయినా లెక్క తప్పింది. ఎందుకు తప్పిందన్నది పాత పుండు కెలకడానికి అడగడం లేదు. ఓ రాజకీయ కూటమి నుంచి ఓ భాగం విడిపోవాలా వద్దా అని చట్టసభ బిగుసుకుపోయినప్పుడు, చివరికి ఏమవుతుందో ముందే పసిగట్టే పద్ధతి ఉందా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. ఉందనే నా వాదన. గొంతులు లెక్కపెట్టడం ఆ పద్ధతి కాదు. ఎవరి చెయ్యి లేకపోతే పని జరగదో ఆ చేతిని గుర్తించాలి. దానికి ఇది కావాలో వద్దో కాదు, వదులుకుంటే ఎంత నష్టమో, పట్టుకుంటే ఎంత నష్టమో చూడాలి. గడువు ఎవరి పక్షాన ఉందో కూడా చూడాలి.

ముందు చెయ్యి సంగతి. భారత రాజ్యాంగం మూడో అధికరణం కొత్త రాష్ట్రాలు ఏర్పాటు చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. రాష్ట్రపతి సిఫారసు ఉండాలి, సంబంధిత రాష్ట్ర శాసనసభకు బిల్లు పంపి గడువు పెట్టి అభిప్రాయం అడగాలి. అడిగితే చాలు, ఆ అభిప్రాయం ప్రకారమే నడవాలని లేదు. ఇది 2013లో ఎవరో కొత్తగా కనిపెట్టిన భాష్యం కాదు. 1956లో బొంబాయి రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసే బిల్లు శాసనసభ అభిప్రాయానికి వెళ్లింది. తీరా పార్లమెంటులో అది పూర్తిగా మారిపోయి ఒకే ద్విభాషా రాష్ట్రం ఏర్పడింది. మమ్మల్ని అడిగింది ఒకటి, చేసింది ఇంకొకటి అని కోర్టుకెక్కితే, బాబూలాల్ పరాటే కేసులో 1959లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పేసింది. అంటే మన ఉమ్మడి రాష్ట్రానికి మూడేళ్లు నిండేటప్పటికే శాసనసభ మాట విలువ ఎంతో న్యాయస్థానం తూచి చెప్పింది. ఆ తీర్పు అర్ధ శతాబ్దం పాటు పుస్తకాల్లోనే ఉంది. 2013లో దాన్ని ప్రస్తావించినవాళ్లు లేకపోలేదు. ప్రస్తావించినవాళ్లను విభజనవాదులన్నాం.

శాసనసభ మాటకు బరువు ఎంతో తెలియాలంటే రెండు అసెంబ్లీలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. 2011 నవంబరులో ఉత్తరప్రదేశ్ శాసనసభ, మాయావతి ముఖ్యమంత్రిగా ఉండగా, ఆ రాష్ట్రాన్ని నాలుగు ముక్కలు చేయమని తీర్మానం చేసి పంపింది. 2014 జనవరి 30న మన శాసనసభ, కిరణ్‌కుమార్‌రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఈ బిల్లు మాకొద్దని మూజువాణి ఓటుతో తిప్పిపంపింది. విడదీయమన్న రాష్ట్రం ఇవాళ్టికీ ఒకటిగానే ఉంది. వద్దన్న రాష్ట్రం నాలుగు నెలలకు రెండయింది. 294 మంది సభ్యుల్లో 175 మంది సీమాంధ్ర వాళ్లన్న అంకె మనకు కొండంత ధైర్యమిచ్చింది కానీ, ఆ అంకెకు చట్టంలో చోటే లేదు.

చోటున్న అంకెలు లోక్‌సభవి. 2009 ఎన్నికల లెక్కన కాంగ్రెస్‌కు 206, భారతీయ జనతా పార్టీకి 116. కలిపితే 322. కాంగ్రెస్ గెలిచిన 206లో 33 మన ఉమ్మడి రాష్ట్రం ఇచ్చినవే, అందులో సీమాంధ్రవి 21. ఆ ఇరవై ఒక్కమందీ ఒక్కమాట మీద ఎదురు తిరిగినా మిగిలేది 301, కావలసింది 272. మన 25 స్థానాల సభ్యులంతా పార్టీలు మరచి ఏకమైనా కదిలేది కాదు ఈ లెక్క. ఇక చిన్న రాష్ట్రాలు బీజేపీ పాత మాట. 2000 సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్‌లను ఏర్పాటు చేసింది వాళ్ల ప్రభుత్వమే. తెలంగాణ ఇస్తామని వాళ్లు బహిరంగంగా కట్టుబడ్డారు. తెలుగుదేశం 2008లో ప్రణబ్ ముఖర్జీ కమిటీకి అనుకూలంగా లేఖ ఇచ్చి ఉంది. ఇలా కాగితాలన్నీ ఓ బల్ల మీద పరిస్తే, ఢిల్లీలో ఈ బిల్లును ఆపగల పార్టీ ఒక్కటీ దాన్ని ఆపుతానని రాతపూర్వకంగా చెప్పలేదు. చెప్పినవాళ్లకేమో ఆపే బలం లేదు.

ఇక్కడే ఓ అభ్యంతరం వస్తుంది, గట్టిదే. జరిగిపోయాక అందరూ జ్యోతిషులే కదా? ఇదే మూడో అధికరణం, ఇవే అంకెలు 2009 డిసెంబరులోనూ ఉన్నాయి. డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రక్రియ మొదలుపెడతామన్నారు, రెండు వారాలు తిరక్కుండా 23న వెనక్కి తగ్గారు. అప్పుడు ఉద్యమం ఆపగలిగింది, రాజీనామాలు ఆపగలిగాయి. మరి 2013లో కూడా ఆగుతుందనుకోవడంలో తప్పేముంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మొత్తం చిక్కుముడి విడిపోతుంది, అందుకే దీని దగ్గర కాస్త ఆగాలి. 2009లో ఢిల్లీ ప్రభుత్వానికి ఇంకా నాలుగున్నరేళ్ల ఆయుష్షు ఉంది, తొందర లేదు. సీమాంధ్ర కాంగ్రెస్‌కు అప్పుడు కంచుకోట, దాన్ని పోగొట్టుకోవడానికి కాంగ్రెస్ సిద్ధంగా లేదు. 2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి పోయాక ఆ కోటకు బీటలు మొదలయ్యాయి. 2011లో ఆయన కొడుకు జగన్ వేరే పార్టీ పెట్టారు. 2012 జూన్ ఉప ఎన్నికల్లో 18 అసెంబ్లీ స్థానాలకు 15 ఆయన పార్టీ ఎగరేసుకుపోయింది, నెల్లూరు లోక్‌సభ స్థానం అదనం. ఆ ఫలితం వచ్చిన రోజున కాంగ్రెస్ అధిష్ఠానం సీమాంధ్ర పద్దును కొట్టేసుకుని ఉంటుంది. రాష్ట్రాన్ని కలిపి ఉంచినా అక్కడ వచ్చేదేమీ లేదు, విడదీస్తే ఇంకో పక్క నాలుగు సీట్లు రావచ్చు. 2009లో ఆపిన ఉద్యమం, 2013లో అంతకు రెట్టింపు సాగినా ఆపలేకపోవడానికి కారణం అదే. ఆందోళన పెరిగింది, దానికి భయపడాల్సినవాడికి పోగొట్టుకునేది తరిగింది.

కాంగ్రెస్ వేసుకున్న ఆ లెక్కా తప్పిందనుకోండి. 2014లో సీమాంధ్రలో 175 అసెంబ్లీ స్థానాల్లో ఒక్కటీ రాలేదు, 25 లోక్‌సభ స్థానాల్లో ఒక్కటీ రాలేదు. తెలంగాణలోనూ 119కి 21తో సరిపెట్టుకుంది. అయితే ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించడానికి, వాడి లెక్క సరైనదా కాదా అన్నదాంతో పనిలేదు. వాడు ఆ లెక్కను నమ్ముతున్నాడా లేదా అన్నదే ముఖ్యం. మనవాళ్లు చాలామంది ఇక్కడే జారిపడ్డారు. కాంగ్రెస్ ఆత్మహత్య చేసుకోదు కదా అన్నారు. రాజకీయ పార్టీలు తమది ఆత్మహత్య అని తెలిసి చేసుకోవు, ఎత్తుగడ అనుకుని చేసుకుంటాయి.

ఇదే సంగతి నలభై ఏళ్ల వెనక్కి వెళ్లి తిరగేసి చూడొచ్చు. 1969లో తెలంగాణ అట్టుడికింది, వందలమంది ప్రాణాలు పోయాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి పది స్థానాలు గెలిచింది. ప్రజాభిప్రాయానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? అయినా తెలంగాణ రాలేదు. ఆ ఎన్నికల్లోనే ఇందిరాగాంధీకి దేశమంతటా 352 స్థానాలు వచ్చాయి, ఆమెకు ఆ పదీ అక్కర్లేదు. మరుసటి ఏడాది, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పాక ఆంధ్రప్రాంతం ‘జై ఆంధ్ర’ అంది. అప్పుడు విడిపోతామన్నది మనమే. రైళ్లు ఆగాయి, కాల్పులు జరిగాయి, పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రి పదవి వదిలారు, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. చివరికి దక్కింది ఆరు సూత్రాల పథకం, 371-డి అధికరణం. రెండు ప్రాంతాలూ వేర్వేరు కాలాల్లో విడిపోతామన్నాయి, రెండూ ఓడిపోయాయి. అప్పుడు కావాలన్నది రాలేదు, తర్వాత వద్దన్నది వచ్చింది. రెండింటిలోనూ తేల్చింది ఢిల్లీలోని అవసరమే. ఇందులో న్యాయం ఎంత, అన్యాయం ఎంత అన్నది వేరే చర్చ. జరగాల్సింది ఏమిటన్న ప్రశ్ననూ, జరగబోయేది ఏమిటన్న ప్రశ్ననూ కలిపేసుకున్నందుకే 2013లో అంత దెబ్బ తిన్నాం.

ఇక గడువు. ఇది కాస్త సూక్ష్మమైనది, సమైక్యవాదుల వ్యూహంలో తెలివైన భాగం కూడా ఇదే. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికి పోవాలా అని తన్నుకున్న కథను పక్కన పెడితే బాగా అర్థమవుతుంది. 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు 51.9 శాతంతో పోదామన్నారు. 2017 మార్చి 29న ప్రభుత్వం సమాఖ్య ఒప్పందంలోని యాభయ్యో అధికరణం కింద నోటీసు ఇచ్చింది. దాంతో రెండేళ్ల గడియారం మొదలైంది. ప్రధాని థెరిసా మే కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరి 15న కామన్స్ సభ 432–202తో తిరగ్గొట్టింది, మార్చిలో మరి రెండుసార్లు తిరగ్గొట్టింది. పోనీ ఏం కావాలో చెప్పండని మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు సభ ముందు పెడితే ఎనిమిదింటినీ ఓడించింది. ప్రపంచమంతా ఇక బ్రిటన్ వెళ్లదేమో అనుకుంది. కానీ అక్కడ ఎవరూ ఏమీ చేయకపోతే జరిగేది వెళ్లిపోవడమే. గడువు కొన్నిసార్లు పొడిగించుకోవచ్చు తప్ప, ఆపాలంటే ఎవరో ఒకరు మెజారిటీతో ఆపాలి. ఆ మెజారిటీ ఎక్కడా లేదు. ప్రతిష్టంభన పొడుగునా గడియారం మాత్రం విడిపోయే పక్షాన నడిచింది. 2019 డిసెంబరు ఎన్నికల్లో బోరిస్ జాన్సన్‌కు మెజారిటీ వచ్చింది, 2020 జనవరి 31న బ్రిటన్ వెళ్లిపోయింది.

మన దగ్గర గడియారం సరిగ్గా ఎదురు దిక్కుకు తిరిగింది. ఇక్కడ ఎవరూ ఏమీ చేయకపోతే జరిగేది కలిసి ఉండటమే. పదిహేనో లోక్‌సభ గడువు 2014 మే నెలాఖరుకు తీరుతుంది, సభ రద్దయితే బిల్లు దానంతటదే చచ్చిపోతుంది. చివరి సమావేశాలు ఫిబ్రవరి 21తో ముగియాలి. కాబట్టి సాగదీయడం అన్నది సమైక్య పక్షం చేతిలో ఉన్న ఒకే ఒక్క ముక్క, దాన్ని బాగానే ఆడారు. డిసెంబరులో శాసనసభకు బిల్లు వచ్చింది. రాష్ట్రపతి జనవరి 23 దాకా గడువిస్తే ఇంకో వారం పొడిగించుకున్నారు. తొమ్మిది వేలకు పైగా సవరణలు ఇచ్చారు. ముఖ్యమంత్రి 77వ నిబంధన కింద తిప్పిపంపే తీర్మానం పెట్టారు. పార్లమెంటు శీతకాల సమావేశాల్లో సీమాంధ్ర కాంగ్రెస్ ఎంపీలు సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాస నోటీసు ఇచ్చారు. దాని గతి చూడండి. నోటీసును చర్చకు తీసుకోవాలంటే యాభై మంది సభ్యులు లేచి నిలబడాలి, స్పీకర్ వాళ్లను లెక్కపెట్టాలి. లెక్కపెట్టాలంటే సభ సద్దుమణగాలి. వెల్‌లో ఎవరో ఒకరు ప్లకార్డులు పట్టుకుని నినాదాలిస్తూనే ఉన్నారు, నోటీసు ఇచ్చిన ప్రాంతం వాళ్లతో సహా. సభ సజావుగా లేదని స్పీకర్ మీరా కుమార్ వాయిదా వేశారు. గొడవ చేసి సభను ఆపాలన్నది మొదటి ఎత్తు, సభ నడిపించి ప్రభుత్వాన్ని పడగొట్టాలన్నది రెండో ఎత్తు, మొదటిది రెండోదాన్ని మింగేసింది.

అప్పటికీ వాయిదా మంత్రం పారుతుందనే అనుకున్నారు. గడువు తమకు ఎదురు తిరుగుతోందని సంఖ్యాబలం ఉన్నవాడికి తెలిస్తే ఏం చేస్తాడు? పద్ధతిని పక్కన పెడతాడు. ఇది ఊరూ దేశమూ తేడా లేని సంగతి. బ్రిటన్‌లో జాన్సన్ పార్లమెంటునే ఐదు వారాలు మూసేయబోయాడు, సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరు 24న అది చెల్లదనాల్సి వచ్చింది. మన దగ్గర 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు పెడుతుంటే విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు, దగ్గుతూ కళ్లు తుడుచుకుంటూ సభ్యులు బయటికి పరుగెత్తారు. అది చూసి బిల్లు ఆగిందని మనవైపు కొందరు సంబరపడ్డారు. సరిగ్గా ఐదు రోజులకు, 18న, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన వేళ మూజువాణి ఓటుతో లోక్‌సభ బిల్లును దాటించింది. దేశంలో అతి పెద్ద రాష్ట్రాల్లో ఒకదాన్ని విడదీస్తూ ఎవరు ఎటు ఓటేశారో లెక్క కూడా రాసుకోలేదు. తప్పే, పార్లమెంటు చరిత్రలో మచ్చే. కానీ ఆ మచ్చ పడుతుందని ముందే ఊహించవచ్చు. పద్ధతి ప్రకారం వెళ్తే గడువు దాటిపోతుందన్నప్పుడు, మూడొందల మంది బలమున్నవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోరు.

బీజేపీ ఆఖరి క్షణంలో జారుకుని ఉంటే? ఇది అసలైన అనుమానం, దీన్ని తీసిపారేయలేం. ఈ గందరగోళంలో బిల్లు నడపడం అద్వానీకి నచ్చలేదన్న సంగతి అప్పట్లో బయటికి వచ్చింది. చంద్రబాబు ఢిల్లీలో జాతీయ నాయకుల తలుపులు తట్టారు. నూటికి నూరుపాళ్లూ ఖాయమని ఫిబ్రవరి మొదటి వారంలో ఎవరైనా అంటే అది అతిశయమే. కానీ బీజేపీ వైపు నుంచి ఆలోచించండి. బిల్లు ఆగితే ఎన్నికల్లో గెలిచాక ఆ తలనొప్పి తమ నెత్తికే వస్తుంది. దాటితే సీమాంధ్ర కోపం కాంగ్రెస్ మీద పోతుంది, తెలంగాణలో మాట నిలబెట్టుకున్న పేరు తమకూ కొంత దక్కుతుంది. ఎదుటివాడి చేత్తో పని జరిగిపోతుంటే అడ్డుపడే పార్టీ ఉంటుందా? కోర్టులు ఆపుతాయన్న ఆశ కూడా ఉండేది. ఫిబ్రవరి మొదట్లోనే సుప్రీంకోర్టు, ఇంకా సమయం రాలేదంటూ పిటిషన్లను పక్కన పెట్టింది. 371-డి ఉండగా రాజ్యాంగ సవరణ లేకుండా విభజన చెల్లదన్న వాదనా గట్టిగా నడిచింది. నాలుగో అధికరణం, ఇలాంటి చట్టాలను రాజ్యాంగ సవరణగా లెక్కించనక్కర్లేదని మొదటి నుంచీ చెబుతూనే ఉంది.

ఇప్పుడు విజయనగరం. 2013 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం తెలంగాణ నోట్‌ను ఆమోదించింది. పీసీసీ అధ్యక్షుడు బొత్స సత్యనారాయణది ఈ జిల్లాయే కావడంతో కోపమంతా ఇక్కడ కట్టలు తెంచుకుంది. ఆయన ఆస్తుల మీదా, ఆయన మనుషులవని అనుకున్న ఆస్తుల మీదా దాడులు జరిగాయి, పట్టణంలో కర్ఫ్యూ పెట్టారు. పాలకూ కూరగాయలకూ సడలింపు వేళల కోసం జనం గుమ్మాల్లో కాచుకున్నారు. ఆగస్టు నుంచి ఎన్జీవోల సమ్మె, ఆర్టీసీ బస్సులు డిపోల్లో, బడులు మూత. దానికి తోడు విద్యుత్ ఉద్యోగుల సమ్మెతో ఊళ్లు చీకట్లో. అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్ని అతలాకుతలం చేసింది; అది ముంచుకొస్తోందని తెలిశాక గానీ కరెంటు వాళ్లు పనిలోకి రాలేదు. ఈ కష్టం పడింది ఎవరు? ఉద్యోగులు జీతాలు పోగొట్టుకున్నారు, కూలీలు రోజుగడవక అల్లాడారు, పిల్లల చదువు పాడైంది. వాళ్ల త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. ఆ శక్తినంతా ఏ గుమ్మం ముందు ఖర్చు పెట్టించారన్నదే నా ప్రశ్న. కాంగ్రెస్ ఏనాడో వదులుకున్న నేల మీద కాంగ్రెస్‌ను భయపెట్టాలని చూశారు.

లెక్క తప్పితే నష్టం పరువు వరకే అయితే దీని మీద ఇంత రాయక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో జరిగింది గుర్తు చేసుకోవాలి. సీమాంధ్రకు ప్రత్యేక హోదా, లోటు భర్తీ వంటివి బిల్లులోనే రాయాలని బీజేపీ నేత వెంకయ్యనాయుడు సవరణలు పట్టుకొచ్చారు. రాజ్యసభలో ఒక్క సవరణ నెగ్గినా బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. సమావేశాలకు మిగిలింది ఒక్క రోజు. మళ్లీ ఆ సభలోకి బిల్లును తీసుకెళ్లే ధైర్యం ప్రభుత్వానికి లేదు. అందుకని ప్రధాని మన్మోహన్‌సింగ్ లేచి, అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామని నోటిమాటగా ప్రకటించారు. వెంకయ్యనాయుడు అయిదు చాలదు, పదేళ్లన్నారు. అంతే, హోదా సభ రికార్డులో మిగిలింది, చట్టంలోకి ఎక్కలేదు. 2016 సెప్టెంబరులో కేంద్రం హోదా బదులు ప్రత్యేక సాయమంది. 2018 మార్చిలో విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు పౌర విమానయాన మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ జులైలో తెలుగుదేశం పెట్టిన అవిశ్వాసం 325–126తో వీగిపోయింది. హోదా రాలేదు.

దీనికి ఎదురుగా చట్టంలో రాసినవి చూడండి. పోలవరానికి జాతీయ ప్రాజెక్టు హోదా రాశారు, వచ్చింది. రైల్వే జోన్ సంగతి పదమూడో షెడ్యూలులో పరిశీలిస్తామని మాత్రమే రాశారు. అదీ ఈడ్చి ఈడ్చి 2019 ఫిబ్రవరిలో ప్రకటన, 2025 జనవరిలో విశాఖలో శంకుస్థాపన దాకా వచ్చింది. గిరిజన విశ్వవిద్యాలయం రాశారు. విజయనగరంలో 2019లో తరగతులు మొదలయ్యాయి, మెంటాడ–దత్తిరాజేరు వైపు సొంత ప్రాంగణానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. ఉత్తరాంధ్ర, రాయలసీమ వెనుకబాటుకు ప్రత్యేక ప్యాకేజీ అని రాశారు, ఎంతో రాయలేదు. ఏడు జిల్లాలకు జిల్లాకు ఏడాదికి 50 కోట్లు చొప్పున కొన్నేళ్లు విదిల్చారు. రాసినదీ అరకొరగానే వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అయినా ఆలస్యంగా, కోతలతోనైనా వచ్చింది రాసినదే, మాటగా మిగిలినది మాత్రం మాటగానే మిగిలింది. ప్యాకేజీ పక్కన అంకె లేకపోయేసరికి అది కొన్నేళ్ల విదిలింపైంది. ఆ అంకె రాయించుకునే కాలం డిసెంబరు 12 నుంచి జనవరి 30 దాకా మన శాసనసభ చేతిలోనే ఉంది. ఆ రోజుల్లో ‘వద్దు’ అన్న ఒక్క మాట రాసి పంపాం.

షరతులు అడగడమంటే విభజనకు ఒప్పుకున్నట్టే అయ్యేది కదా, ఏ నాయకుడు ఆ సాహసం చేస్తాడు అంటారా? నిజమే, అడిగినవాడిని ద్రోహి అనేవాళ్లు. నాయకులకు చాలామందికి లోపల సంగతి తెలుసు, బయట చెప్పే దమ్ము లేకపోయింది. బిల్లు లోక్‌సభ దాటిన మర్నాడు ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. అంతకు ముందు రెండు నెలల్లో ఆయన చేతిలో ఉన్న బేరం శక్తి ఆ రోజుకు ఆవిరైపోయింది. అడిగినా ఇచ్చేవారు కాదన్నది ఇంకో మాట. ఎంత ఇచ్చేవారో చెప్పలేం కానీ, ఎన్నికలకు ముందు సీమాంధ్రలో కాస్తయినా ముఖం చూపించుకోవాలని వెతుకుతున్న ప్రభుత్వం అది. ఆఖరి గంటలో నోటిమాటగా హోదా ఇచ్చిందంటే, రెండు నెలల ముందు రాతలో కొంతైనా ఇచ్చి ఉండేదనుకోవడం అత్యాశ కాదు.

ఇదంతా అయిపోయిన కథ కాదా అంటే, కాదు. అమరావతి–విశాఖ రాజధాని తగువు నడిచినప్పుడు, రాజధాని ఇవ్వకపోతే ఉత్తరాంధ్రను వేరే రాష్ట్రం చేయండన్న మాట 2023లో శ్రీకాకుళం నుంచి, అప్పటి మంత్రి ధర్మాన ప్రసాదరావు నోట వినబడింది. రేపు మళ్లీ వినబడుతుంది, కాబట్టి ఇదే తక్కెడలో వేసి చూద్దాం. పాత మూడు జిల్లాల్లో అసెంబ్లీ స్థానాలు 175కు 34, లోక్‌సభవి అయిదు. ఈ కోరికను ఏ ప్రధాన పార్టీ ప్రణాళికలోనూ పెట్టలేదు. 2024లో విశాఖకు పాలన రాజధాని అన్న జగన్ పార్టీకి ఈ 34లో దక్కినవి అరకు, పాడేరు, రెండే. రాజధానికే ఓటు పడలేదంటే రాష్ట్రానికి పడుతుందా? ఢిల్లీలో ఎవరికైనా దీని అవసరం ఉందా? 2024 తర్వాత కేంద్ర ప్రభుత్వం తెలుగుదేశం పదహారు మంది ఎంపీల మీద ఆనుకుని ఉంది, ఆ పార్టీకి అమరావతి ప్రాణం. అంటే అవసరం పూర్తిగా అవతలి పక్కన ఉంది. గడువు సంగతికొస్తే, ఇక్కడా ఎవరూ ఏమీ చేయకపోతే ఉన్నదే ఉంటుంది. ఢిల్లీ అంకగణితం తలకిందులై, ఏదో జాతీయ పార్టీకి ఇక్కడి అయిదు సీట్లే గతి అయ్యే రోజు వస్తే తప్ప ఉత్తరాంధ్ర రాష్ట్రం రాదు. ఆ రోజు కనుచూపు మేరలో లేదు.

కాబట్టి వేరే రాష్ట్రమన్న నినాదాన్ని బెదిరింపుగా వాడి ఏదైనా సాధిస్తామని చెప్పే నాయకుడిని నమ్మకండి. ఆ బెదిరింపుకు ఢిల్లీలో కొనుగోలుదారు లేడు. వెనుకబడిన జిల్లాల ప్యాకేజీ పక్కన అంకె ఎంత, దక్షిణ కోస్తా రైల్వే జోన్ పూర్తిస్థాయిలో నడిచేది ఏ తేదీ నుంచి, మెంటాడ వైపు గిరిజన విశ్వవిద్యాలయం భవనాలు పూర్తయ్యేది ఎప్పుడు? ఈ మూడూ రాతపూర్వకంగా చెప్పమని ఉత్తరాంధ్ర అయిదుగురు ఎంపీలను ఈ పార్లమెంటు సమావేశాల్లోనే అడగండి.